నలభై ఒకటో అట్ట

ఆ బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు ఫోన్ టీచర్. సైన్స్ చెప్పే మనిషికి ఇదేం పేరని ఎవరికైనా అనుమానం వస్తే, ఒక్క పూట ఆవిడ క్లాసు గుమ్మం దగ్గర నిలబడితే చాలు. పాఠం మంచి పట్టులో ఉండగా ఆవిడ ఒక ప్రశ్న వేస్తుంది. గోడ మీద తెరపై నాలుగు జవాబులు కనిపిస్తాయి. పిల్లలంతా తలా ఒక అట్టముక్క పైకెత్తుతారు. ఆవిడ ఫోన్ పట్టుకుని, పెళ్ళి వీడియో తీసేవాడిలా, ఈ మూల నుంచి ఆ మూలకు నిదానంగా తిప్పుతుంది. అంతటితో ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో ఫోన్‌లోకి వచ్చేస్తుంది.

అట్టలో పెద్ద మాయేం లేదు. ముందువైపు నల్లటి గళ్ళ బొమ్మ ఉంటుంది, ఒక్కో పిల్లకు ఒక్కో రకం. అట్టకు నాలుగు అంచులు కాబట్టి నాలుగు జవాబులు, ఎ, బి, సి, డి. ఏది ఒప్పనుకుంటే ఆ అక్షరం ఉన్న అంచు పైకి వచ్చేలా పట్టుకోవాలి. ఫోన్ ఆ బొమ్మను చూసి అది ఎవరి అట్టో పోల్చుకుంటుంది, అది ఎటు తిరిగి ఉందో చూసి జవాబు తెలుసుకుంటుంది. పక్కవాడి అట్టలోకి తొంగి చూద్దామన్నా, అందరి బొమ్మలూ వేరు కాబట్టి బుర్ర గోక్కోవడమే మిగులుతుంది.

ఇదంతా ఆవిడ ముచ్చటపడి తెచ్చుకున్న ఆటవస్తువు కాదు. తల నెరిసేదాకా చేసిన ఉద్యోగంలో రోజూ ఒకటే తంతు చూసి విసిగిపోయింది. "ఎవరు చెప్తారు?" అని అడగడం, ముందు బెంచీలో ఆ నాలుగు చేతులే లేవడం, వాళ్ళలో ఒకరు చెప్పగానే "అందరికీ అర్థమైందా?" అనడం, గది మొత్తం మూకుమ్మడిగా "అయింది టీచర్" అనడం. ఆ "అయింది" అన్న మాట నమ్మి ఎంతమంది పిల్లలను గాలికి వదిలేశానో అని ఆవిడకు అప్పుడప్పుడు నిద్ర పట్టేది కాదు. అట్టలు వచ్చాక చేయెత్తని పిల్లంటూ లేకుండా పోయింది. వెనక బెంచీలో గోడకు చేరగిలబడి కునికే వాడు కూడా ఏదో ఒక అంచు పైకెత్తక తప్పదు.

ఇంకో నియమం కూడా పెట్టుకుంది. తెర మీద ఎవరి పేరూ రాదు. ఎంతమంది ఎ అన్నారు, ఎంతమంది బి అన్నారు, చివరికి ఏది ఒప్పు, అంతే. ఎవరు తప్పారన్నది ఆవిడ ఫోన్‌లోనే ఉంటుంది. నలుగురిలో నవ్వులపాలైన పిల్ల మళ్ళీ నోరు విప్పదని ఆవిడకు బాగా తెలుసు. అందుకే ఎవరికి ఏం రాకపోయినా ఆ పిల్ల మొహం మీద ఆ మాట అనేది కాదు. తానే తెలుసుకుని, తానే సర్దేది. ఆ సున్నితత్వమే ఒకరోజు కొంప ముంచబోయిందని తర్వాత గానీ తెలియలేదు.

అట్టల మీద అక్షరాలు చీమ తలకాయలంత ఉండేవి. పిల్లలకు కనబడక ఏది పైకెత్తాలో తికమకపడుతుంటే, ఆవిడ ఆ పనిని భర్తకు అప్పజెప్పింది. ఆయనకు ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. కొలిచి, కోసి, అంటించడంలో ఆయన చేతికి తిరుగులేదు. నలభై అట్టలకూ వెనకవైపు బొటనవేలంత అక్షరాలు అంటించి ఇచ్చాడు. ఇచ్చిన రోజు ఆయన మొహం చూడాలి, బడి మొత్తం తానే కట్టించినట్టు పోజు.

బళ్ళు తెరిచిన నెలన్నరకు ఆ క్లాసులోకి ఒక కొత్తమ్మాయి వచ్చింది. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి సామాను సర్దుకోవాల్సిన బతుకు. అప్పటికే ఆ పిల్లకు ఇది నాలుగో బడి. రెండు జడలు, బిగపట్టిన పెదాలు, నోట్లో నాలుక ఉందా అన్నంత నెమ్మది. ఆ పిల్ల కోసం నలభై ఒకటో అట్ట కావలసి వచ్చింది. పొద్దున్నే టీచర్ డబ్బాలు సర్దుకుంటూ "ఏమండీ, ఈ ఒక్కదానికీ అక్షరాలు అంటించి ఇవ్వరూ, బస్సు వచ్చేస్తుంది" అంటే ఆయన ఒక చేత్తో కాఫీ తాగుతూ, ఇంకో చేత్తో అంటించి ఇచ్చాడు.

ఆ తర్వాత జరిగింది చూడండి. ఎన్ని ప్రశ్నలు వేసినా ఫోన్‌లో నలభై ఒకటో నంబరు పక్కన తప్పని చెప్పే ఎర్ర చుక్కే. మొదటి వారం కొత్త కదా అనుకుంది టీచర్. రెండో వారం పాత బడిలో సరిగ్గా చెప్పలేదేమో అనుకుంది. నెల తిరిగేసరికి ఆవిడకు దిగులు పట్టుకుంది. పిల్ల నోట్సు చూస్తే ముత్యాల్లాంటి రాత, ఒక్క కొట్టివేత లేదు. 'బోర్డు మీదున్నది దించుకుంది పాపం' అనుకుంది. ఒకసారి ఒక అభిప్రాయం మనసులో కూర్చున్నాక ఎదురుగా ఉన్న సాక్ష్యం కూడా దానికే కొమ్ముకాస్తుంది.

వెనకబడిన పిల్లలకు సాయంత్రం బడి వదిలాక ఇంకో గంట క్లాసు ఉండేది. ఆవిడ దానికి వెనకబడినవాళ్ళ క్లాసు అన్న పేరు ఎప్పుడూ పెట్టలేదు, సాయంత్రం క్లాసు అనేది, అంతే. పదిమంది పిల్లలు, అయిదు ట్యాబ్‌లు, చెవులకు హెడ్‌ఫోన్లు, పాఠాల వీడియోలు. ఇద్దరికొకటి చొప్పున చూస్తుంటే ఆవిడ వెనక కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది. కొత్తమ్మాయిని కూడా అందులో వేయాలి. "నువ్వు వెనకబడ్డావు" అనడానికి నోరు రాక, భుజం మీద చేయి వేసి, "సాయంత్రం వీళ్ళతోపాటు కూర్చుంటావా అమ్మా? నువ్వు కూడా ఉంటే వాళ్ళకి బాగుంటుంది" అంది. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసి, బుద్ధిగా తలూపింది.

సాయంత్రం క్లాసు మాత్రం ఆవిడను ఆకాశానికెత్తింది. ఎన్నడూ గట్టెక్కని పిల్లల పక్కన కూడా పచ్చ చుక్కలు పడటం మొదలైంది. మహిమంతా వీడియోలదే అనుకుని, నలుగురు టీచర్లు కూడిన చోట ఆవిడ ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది కూడా. ఎటొచ్చీ కొత్తమ్మాయి ఒక్కతే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పైగా ఆ పిల్ల వీడియో సరిగ్గా చూడదు. హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి, పక్క పిల్లలతో కబుర్లు. ఒకరోజు టీచర్ "ఇక్కడ మాటలొద్దు" అని కొంచెం గట్టిగానే అంది.

చివరికి సంగతి హెడ్మాస్టారు దాకా వెళ్ళింది. ఆయన ఫోన్‌లోని ఎర్ర చుక్కల వరుస చూసి నిట్టూర్చాడు. "ఈ పిల్లని ఈ తరగతిలో ఉంచి ఏం లాభం టీచర్ గారూ? కింది తరగతికి పంపిద్దాం. పునాది గట్టిపడుతుంది. శుక్రవారం వాళ్ళ నాన్నని పిలిపిస్తాను. మీరు సరేనంటేనే."

మూడు బళ్ళు మారి వచ్చిన పిల్లను మళ్ళీ ఒక మెట్టు కిందికి దించడం. తన కన్నా ఏడాది చిన్నవాళ్ళ మధ్య కూర్చోబెట్టడం. ఆవిడకు ఇష్టం లేదు. కానీ ఫోన్ అబద్ధం చెప్పదు కదా. సరేనంది.

గురువారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో డబ్బా తెరిచి, తినకుండా కూర్చున్న ఆవిడను లెక్కల మాస్టారు చూశాడు. ఆయనకు ఫోన్లన్నా అట్టలన్నా పడదు. చాక్‌పీసు పొడి చొక్కా నిండా పోసుకుని తిరుగుతాడు, అదే తన పతకం అన్నట్టు. ఆవిడను ఆటపట్టించకపోతే ఆయనకు అన్నం సయించదు.

"ఏం టీచర్ గారూ, ఇవాళ ఛార్జింగ్ అయిపోయినట్టున్నారు?"

"మీ వేళాకోళానికి ఇది సమయం కాదు మాస్టారూ" అని ఆవిడ ఉన్నదంతా చెప్పింది. ఫోన్ తీసి చూపించింది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఎర్ర చుక్కలను వేలితో కిందికీ పైకీ జరిపాడు.

"మొత్తం ఎన్ని ప్రశ్నలు?"

"అరవై దాకా ఉంటాయి."

"ఒప్పులు రెండే?"

"రెండే. ఏం చెయ్యమంటారు, పిల్లకి ఏమీ రాదు."

"అబ్బే, ఏమీ రాకపోతే ఇన్ని తప్పులు రావండీ" అన్నాడు ఆయన.

ఆవిడకు ఒళ్ళు మండింది. "జోకులా?"

"జోకు కాదు, లెక్క. ఏమీ రానివాడు కళ్ళు మూసుకుని అట్ట ఎత్తాడనుకోండి. నాలుగింట్లో ఒకటి గుడ్డిదెబ్బ తగులుతుందా లేదా? అరవైకి ఓ పదిహేను. సరే, అదృష్టం బాలేదు, పది. మరీ దరిద్రం, ఎనిమిది. రెండేంటండీ? ఇంత పకడ్బందీగా తప్పు చెప్పాలంటే ఒప్పేదో తెలిసుండాలి." కళ్ళద్దాలు కిందికి దించుకుని, "నన్నడిగితే ఆ పిల్లకి అన్నీ వచ్చు" అని తన డబ్బా మూత తెరుచుకున్నాడు.

 ఆవిడ రోజూ ఆ చుక్కలను చూస్తూనే ఉంది. తక్కువ అని చూసింది గానీ, ఇంత తక్కువ ఎలా అని ఎప్పుడూ అడగలేదు. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చి మనసు చివుక్కుమంది. అయితే కావాలని తప్పులు పెడుతోందా? నా మీద కోపమా? ఈ బడి నచ్చక ఇలా చేస్తోందా?

మధ్యాహ్నం మొదటి పీరియడ్ ఆ క్లాసులోనే. ఆవిడ పాఠం ఎత్తకుండానే ఒక ప్రశ్న వేసింది. నీరు ఆవిరిగా మారడాన్ని ఏమంటారు? ఎ, బాష్పీభవనం. మిగతా మూడూ ఊరికే నింపినవి. పిల్లలు "ఇంత తేలికదా" అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అట్టలు లేచాయి. ఆవిడ ఎప్పటిలా ముందు నుంచి ఫోన్ తిప్పి, అట్టలు దించొద్దని చెప్పి, బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వెనక్కి వెళ్ళింది. అట్టలు వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ బెంచీల మధ్య తిరగడమే మానేసింది. ఫోన్ ముందు నుంచే అందరినీ చూస్తుంటే ఇక నడవడం ఎందుకని.

కొత్తమ్మాయి వెనక నిలబడి చూసింది. పిల్ల రెండు చేతులతో అట్టను బొమ్మ ముందుకు, అక్షరాలు తనవైపుకు పట్టుకుంది. పై అంచున బొటనవేలంత ఎ. నిటారుగా, స్పష్టంగా.

ఆవిడ ఫోన్ చూసింది. నలభై ఒకటి, సి. ఎర్ర చుక్క.

"ఏదమ్మా, ఒకసారి ఇలా ఇవ్వు" అని అట్ట తీసుకుంది. తిప్పి ముందువైపు చూసింది. బొమ్మ అంచున చీమ తలకాయంత అక్షరం, సి. వెనకవైపు అదే అంచున పెద్ద ఎ. మిగతా మూడు అంచులూ చూసింది. ఎ ఉండాల్సిన చోట సి, సి ఉండాల్సిన చోట ఎ. బి, డి కూడా అంతే. కాఫీ తాగుతూ అంటించిన ఆ ఒక్క అట్టా తలకిందులుగా అంటించాడు మహానుభావుడు. పిల్ల ఒప్పు ఎత్తిన ప్రతిసారీ ఫోన్ దాన్ని ఎదుటి అంచుగా చదివి తప్పు వేసింది.

  తెర మీద పేర్లు రావు కాబట్టి ఆ పిల్లకు తన జవాబు తప్పుగా పడుతోందని తెలిసే దారే లేదు. రోజూ అట్ట ఎత్తింది, ఒప్పు జవాబు గోడ మీద చూసుకుంది, తనలో తాను సంతోషపడింది. ఇక్కడేమో కింది తరగతిలో బెంచీ సిద్ధమవుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన పంచాయితీ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ఆవిడ అట్టను భర్త ముందు పెట్టింది. ఆయన చూశాడు, తిప్పాడు, మళ్ళీ చూశాడు. "నా చేతి మీదుగా ఇన్ని వేల ఫొటోలు వెళ్ళాయి, ఒక్కటి తలకిందులుగా బిగించలేదు నేను" అన్నాడు. "ఫొటో అయితే మొహం ఉంటుంది కాబట్టి తెలుస్తుంది. దీనికి తలేదో తోకేదో ఎవడికి తెలుసు?" ఆ తర్వాత బిక్కమొహం వేసి, "పిల్లనేమైనా అన్నావా?" అని అడిగాడు. ఇద్దరూ కలిసి కూర్చుని ఫోన్‌లో ఉన్న జవాబులన్నీ తిరగేసి చూశారు. ఎ అన్నచోట సి, బి అన్నచోట డి. అయిదారు తప్ప అన్నీ ఒప్పులే. ఫోన్ ఒప్పని వేసిన ఆ రెండూ కూడా పిల్ల నిజంగా తప్పిన ఆ అయిదారులోవే. ఆయన ఫక్కున నవ్వాడు. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న తండ్రి రాకముందే ఆవిడ హెడ్మాస్టారు గదిలో ఉంది. దాపరికం లేకుండా అంతా చెప్పి అట్టను బల్ల మీద పెట్టింది. "తప్పు అట్టది కాదు సార్, నాది. ఒక్కసారి పిల్లని లేపి అడిగుంటే తెలిసేది." హెడ్మాస్టారు అట్టను నాలుగు పక్కలా తిప్పి చూసి ఏదో అనబోతుండగానే లిఫ్టుల మెకానిక్ గుమ్మంలో కనిపించాడు. పని బట్టల్లోనే వచ్చాడు, చేతిలో టోపీ నలుగుతోంది.

"మా అమ్మాయి ఏమైనా చేసిందా సార్? బడి నుంచి ఫోనొస్తే రాత్రంతా కాలు చెయ్యి ఆడలేదు. నా పని వల్ల దాని చదువు పాడవుతోందేమోనని..."

హెడ్మాస్టారు టీచర్ వైపు చూశాడు. టీచర్ హెడ్మాస్టారు వైపు చూసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సమయానికి ఆయన బుర్ర బాగా పనిచేసింది.

"కూర్చోండి బాబూ. మీ అమ్మాయి క్లాసులో అందరికన్నా బాగా చదువుతోంది. టీచర్ గారు ఆ మాట మీకు ఎదురుగా చెప్తానంటే పిలిపించాం."

ఆ తండ్రి కూర్చోలేదు.  "బడివాళ్ళు పిలిచి మంచి మాట చెప్పడం ఇదే మొదటిసారి సార్" అన్నాడు. "ఇంతకుముందు మూడు బళ్ళల్లోనూ ఫీజుకో, టీసీకో తప్ప పిలవలేదు."  లెక్కల మాస్టారు డబ్బా తెరిచి ఆ రెండు ముక్కలూ అనకపోయి ఉంటే ఈ మనిషి ఇదే గది నుంచి ఎలా వెళ్ళేవాడో ఆవిడ తలుచుకోలేకపోయింది. బయటికి వచ్చాక నేరుగా లెక్కల మాస్టారు క్లాసుకు వెళ్ళి, పాఠం మధ్యలో గుమ్మం దగ్గర నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆయన కంగారుపడి చాక్‌పీసు కింద పడేసుకున్నాడు. ఫోన్‌కు కూడా ఆవిడ మనసులో ఒక దండం పెట్టుకుంది. అది తనకు చూపించింది చూపించినట్టే చెప్పింది, చుక్కలు దాచలేదు. చూసి ఆలోచించాల్సిన పని తనది.

ఇక పిల్లతో మాట్లాడటం మిగిలింది. సాయంత్రం క్లాసుకు ముందు వరండాలోకి పిలిచింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, ముందుగా తీపి కబురే చెబుదామనుకుంది.

"రేపటి నుంచి నువ్వు సాయంత్రం క్లాసుకి రానక్కర్లేదమ్మా."

పిల్ల మొహం వాడిపోయింది. పెదాలు బిగపట్టింది. చిన్న గొంతుతో అడిగింది.

"ఎందుకు టీచర్? నేను సరిగ్గా చెప్పట్లేదా?"

"ఏం చెప్పడం? ఎవరికి?"

"వాళ్ళకి. మీరే కదా అప్పజెప్పారు, నువ్వు ఉంటే వాళ్ళకి బాగుంటుందని." పిల్ల గబగబా చెప్పుకుపోయింది, ఇన్నాళ్ళుగా విప్పని నోరు ఒక్కసారిగా విప్పినట్టు. "వీడియోలో ఆయన తొందర తొందరగా చెప్పేస్తాడు టీచర్. వాళ్ళకి అందదు. అందుకని ఆపి, నేను నెమ్మదిగా చెప్తున్నా. మీరు మాటలొద్దన్నారుగా, అప్పట్నుంచి గుసగుసగానే చెప్తున్నా. ఇద్దరికే ఇంకా రావట్లేదు. ఇంకొక్క వారం ఉండనివ్వండి టీచర్, వాళ్ళకి కూడా వచ్చేస్తుంది."

ఆవిడ గోడకు ఆనుకుంది. పచ్చ చుక్కలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. వీడియోల మహిమ అని ఊరంతా టాంటాం వేసుకుంది. ఆ మహిమ రెండు జడలు వేసుకుని, తాను కసిరినా చిన్నబుచ్చుకోకుండా, గొంతు తగ్గించుకుని పని చేసుకుపోయింది.

అబద్ధం ఆడదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ కళ్ళు చూశాక మనసొప్పలేదు. అట్ట తీసి చూపించింది. అక్షరాలు ఎలా తిరగబడ్డాయో, ఫోన్ ఎలా చదివిందో, తాను ఏమనుకుందో, సాయంత్రం క్లాసుకు ఎందుకు పంపిందో అంతా చెప్పింది. పిల్ల అట్టను అటూ ఇటూ తిప్పుతూ శ్రద్ధగా వింది.

"అంటే ఇన్నాళ్ళూ నాకేమీ రాదనుకున్నారా?"

"అవునమ్మా."

"మరి నన్ను అడగలేదేం టీచర్?"

"నువ్వు బాధపడతావేమోనని."

పిల్ల ఆలోచించింది. "అడిగితే చెప్పేదాన్ని కదా" అంది. కోపంగా అనలేదు. ఆ తేలికైన సంగతి టీచర్‌కు తట్టనందుకు జాలిపడుతున్నట్టు అంది.

ఆవిడ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ఎన్ని శిక్షణలకు వెళ్ళింది, ఎన్ని పద్ధతులు నేర్చుకుంది. ఈ ఒక్క మాట కోసం ఈ పిల్ల మూడు బళ్ళు దాటి తన క్లాసులోకి రావలసి వచ్చింది. వచ్చినందుకు ఎవరికి దండం పెట్టాలో ఆవిడకు తెలియలేదు. అందుకని ఆ చేతులనే కళ్ళకద్దుకుంది. పిల్ల సిగ్గుపడి చేతులు లాక్కుంది.

"అయితే రేపు రావాలా వద్దా టీచర్?"

"రావాలి. అప్పుడు పొరపాటున పంపాను. ఇప్పుడు అడుగుతున్నాను. వస్తావా?"

"వస్తా. గుసగుసగా చెప్పాలా?"

"గట్టిగా చెప్పు" అంది ఆవిడ. తలుపు తీసి, పిల్లను ముందు వెళ్ళనిచ్చి, పరీక్ష పేపర్ల కట్ట కిటికీలో పెట్టేసి, ఆ పదిమంది పిల్లల మధ్య బెంచీలో జరగమని చోటడిగి కూర్చుంది.